తువ్వాలు మాటున బేరం

పశువుల సంతలో పక్కనే నిలబడ్డవాడికి కూడా ధర వినపడదు. దళారి భుజం మీది తువ్వాలు తీసి అమ్మేవాడి చేతి మీద కప్పుతాడు. ఆ గుడ్డ కింద ఇద్దరి వేళ్ళూ మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, పిడికిలి మొత్తం పట్టుకుంటే ఇంకో లెక్క. అమ్మేవాడు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. దళారి మళ్ళీ పట్టుకుంటాడు. కాసేపటికి అదే తువ్వాలు కొనేవాడి చేతి మీదికి వెళుతుంది. చివరికి ఎవరో ఒకరు తల ఊపుతారు, బయానా చేతులు మారుతుంది, ఎద్దుల పలుపులు కొత్త యజమాని చేతిలోకి వస్తాయి. ఎంతకు తెగిందో మాత్రం చుట్టూ మూగినవాళ్ళకు తెలియదు.

తెలుగునాట లోడు బండి కొనడమంటే తరతరాల పాటు ఇదే. వనపర్తి జిల్లా పెబ్బేరు సంతకు, కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు జాతరకు రైతులు మైళ్ళ దూరం నడిచి వెళ్ళింది ఈ బేరం కోసమే. బండి కట్టించడం ఊరి వడ్రంగి, కమ్మరి చేతిలో పని. దాన్ని లాగే జతను ఎంచుకోవడమే అసలైన కొనుగోలు.

ఇప్పుడు అదే ఊళ్ళ కుర్రాళ్ళు ఎద్దుల జత బదులు పికప్ కొంటున్నారు. తువ్వాలు పోయి ఏసీ గది వచ్చింది. ధర కాగితం మీద అచ్చయి ఉంటోంది. అంతమాత్రాన బేరం మాయం కాలేదు, చోటు మార్చుకుంది. ఎద్దుల కాలంలో అది పశువు ఒంటి చుట్టూ తిరిగింది. లైసెన్సుల కాలంలో డెలివరీ తేదీ చుట్టూ తిరిగింది. ఇవాళ వడ్డీ చుట్టూ తిరుగుతోంది. చోటు మారిన ప్రతిసారీ కొనేవాడు కొత్త విద్య నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకునేలోపు నష్టపోయినవాళ్ళు చాలామంది.

పళ్ళు చూసే పెద్దమనిషి

సంతకు ఎవరూ ఒంటరిగా వెళ్ళేవారు కాదు. ఊళ్ళో పశువుల సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకడు ఉండేవాడు. మామో, బాబాయో, పక్క పొలం రైతో, ఎవరైనా సరే, ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళడం ఆనవాయితీ. ఆయన ముందుగా ఎద్దు నోరు తెరిచి చూస్తాడు. ఎద్దుకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి. పాలపళ్ళు ఊడి మొదటి జత గట్టి పళ్ళు వచ్చేసరికి కోడెకు రెండేళ్ళు దాటుతాయి. నాలుగు జతలూ నిండేసరికి అయిదేళ్ళ దగ్గర పడుతుంది. అందుకే వయసు అడిగితే ఏళ్ళలో చెప్పరు. రెండు పళ్ళ కోడె, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అంటారు. నోరు నిండాక పళ్ళ అరుగుదలే లెక్క. అమ్మేవాడు ఎన్ని మాటలు చెప్పినా పళ్ళు అబద్ధమాడవు.

ఆ తర్వాత మెడ. కాడి రాసిన చోట తోలు మొద్దుబారి ఉంటే పని చేసిన పశువు. పుండు మాని మచ్చ పడి ఉంటే దాని కథ వేరు. గిట్టలు సమంగా అరిగాయా, నడకలో వెనక కాలు ఈడుస్తోందా, తోకను ముట్టుకుంటే బెదురుతోందా అన్నీ చూస్తాడు. సుడులు ఎక్కడున్నాయో వెతుకుతాడు, అది నమ్మకానికి సంబంధించిన సంగతి. అన్నీ అయ్యాక బరువు బండికి కట్టి నాలుగడుగులు నడిపించమంటాడు. ఇంత చూశాకే తువ్వాలు బయటికొచ్చేది.

ఆ బేరంలో ఒక న్యాయం ఉంది. దళారికి ఎంత తెలుసో పెద్దమనిషికీ అంతే తెలుసు. సరుకు అందరి కళ్ళ ముందూ నిలబడి నెమరు వేస్తూ ఉంటుంది. అప్పు కావాలంటే వడ్డీ కూడా నోటి మాటలో ఉండేది: నూటికి రూపాయి, నూటికి రూపాయిన్నర, నూటికి రెండు. అంటే వంద రూపాయలకు నెలకు అంత. ఎంత తీర్చితే ఆ మేరకు వడ్డీ తగ్గేది. వడ్డీ భారం తక్కువని కాదు, నడ్డి విరిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ లెక్క మాత్రం చదువు రానివాడికీ అర్థమయ్యేది.

281 డాలర్ల బండి

మోటారు పికప్ పుట్టుక మనది కాదు. అమెరికాలో రైతులు ఫోర్డ్ మోడల్ టీ కారు కొని, వెనక భాగం తీసేసి, చెక్క పెట్టె బిగించుకుని, పాల డబ్బాలూ గడ్డి మోపులూ వేసుకుని తిరిగేవాళ్ళు. అది గమనించిన ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్ 15న ఫ్యాక్టరీ నుంచే సిద్ధంగా వచ్చే పికప్‌ను ప్రకటించింది. ధర 281 డాలర్లు. ధర ముందే ప్రకటించాక ఇక బేరమేముంటుంది అనిపిస్తుంది. అక్కడా బేరం ఆగలేదు. గుర్రాల మారకంలో ఆరితేరిన దేశం అది. పాత గుర్రం ఇచ్చి, పైన కొంత డబ్బు పెట్టి కొత్త గుర్రం తెచ్చుకునే అలవాటు పాత కారు ఇచ్చి కొత్తది తెచ్చుకోవడంగా మారింది. కొత్త బండి ధర పెంచి చెప్పి, పాత బండికి ఎక్కువ ఇస్తున్నట్టు చూపించడం డీలర్లకు అలవాటయింది. 1919లోనే జనరల్ మోటార్స్ అప్పుల కోసం సొంత కంపెనీ పెట్టడంతో మూడో లెక్క కూడా వచ్చి చేరింది.

ఈ గందరగోళం మీద అమెరికా పార్లమెంటు 1958లో చట్టం చేసింది. కొత్త కారు అద్దం మీద తయారీదారు సూచించిన ధర, అదనపు సామాను ధర, రవాణా ఖర్చు విడివిడిగా రాసిన కాగితం అంటించి తీరాలని అందులో ఉంది. బిల్లు తెచ్చిన ఓక్లహోమా సెనేటర్ మన్రోనీ పేరుతోనే ఆ కాగితాన్ని ఈనాటికీ మన్రోనీ స్టిక్కర్ అంటారు. మొత్తం ధర ఒక్కటే చూపిస్తే చాలదు, అది ఏయే ముక్కలతో తయారైందో కొనేవాడికి కనపడాలన్నది ఆ చట్టం ఉద్దేశం. మన షోరూముల దగ్గరికి వచ్చేసరికి ఈ సంగతి మళ్ళీ అవసరపడుతుంది.

తేదీ కోసం బేరం

మన దేశంలో మొదట కొరత వచ్చింది, పోటీ చాలా ఆలస్యంగా వచ్చింది. 1947లో మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు బయటికొచ్చాయి. విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మితే కుదరదు, ఇక్కడే తయారు చేయాలని 1953లో టారిఫ్ కమిషన్ చెప్పాక ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూటాముల్లె సర్దుకున్నాయి. మిగిలిన కొద్ది కంపెనీలు ఏటా ఎన్ని బండ్లు చేయాలో లైసెన్సు చెప్పేది. 1951 పరిశ్రమల చట్టం కింద 1959లో కార్లకు, 1960లో స్కూటర్లకు పంపిణీ, అమ్మకాల మీద కంట్రోల్ ఉత్తర్వులు వచ్చాయి.

ఆ రోజుల్లో డీలరు దగ్గరికి వెళ్ళినవాడు ధర తగ్గించమని అడగడు. బండి ఎప్పుడిస్తారని అడుగుతాడు. డబ్బు కట్టి, నంబరు రాయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఎదురుచూడలేనివాడు నంబరు వచ్చినవాడి దగ్గర పైన ఇచ్చి బ్లాకులో కొంటాడు. కంపెనీ ధర కన్నా బ్లాకు ధరే అసలు ధర. దళారీ పోలేదు, పళ్ళు చూసేవాడి బదులు వరుసలో ముందుకు జరిపించగల పలుకుబడి ఉన్నవాడు దళారీ అయ్యాడు. పెద్దమనిషి నేర్చిన విద్యకు అక్కడ పని లేకపోయింది. ఎంచుకోవడానికి రెండో బండి ఉంటే కదా!

లారీ కొన్నా చేతికొచ్చేది ఇంజనూ చక్రాలూ ఉన్న ఛాసిస్ మాత్రమే. క్యాబిన్, బాడీ కట్టించుకోవడం యజమాని పని. విజయవాడ ఆటోనగర్ ఎదిగింది ఈ పనితోనే. అక్కడ బేరం పాత సంతలా నడిచింది. ఏ చెక్క, ఎంత మందం, ఎన్ని ఇనుప పట్టీలు, ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నీ కొనేవాడి కళ్ళ ముందే. డీలరు దగ్గర నోరు మెదపలేని లారీ యజమాని బాడీ షెడ్డులో మాత్రం పూటంతా కూర్చుని చెక్క తట్టి చూసేవాడు.

అప్పు కూడా ఈ కాలంలోనే కొత్త రూపం తీసుకుంది. 1954లో మద్రాసులో మొదలైన సుందరం ఫైనాన్స్ వంటి సంస్థలు హైర్ పర్చేజ్ పద్ధతిని దక్షిణాదిలో పాదుకొల్పాయి. వాయిదాలన్నీ తీరేదాకా బండి ఫైనాన్సు సంస్థది, నడుపుకునేవాడు అద్దెదారు లాంటివాడు. పాత లారీలు కొనే చిన్న యజమానులకు అప్పులిస్తూ 1979లో శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ వచ్చింది. తెలుగు పట్టణాల్లో వీటికి తోడు ఊరి ఫైనాన్సులు వెలిశాయి. ప్రోనోటు మీద సంతకం, ఇద్దరు షూరిటీలు, కొన్ని ఖాళీ చెక్కులు. ఆర్సీ పుస్తకంలో హెచ్‌పీ అన్న రెండక్షరాలు పడ్డాయంటే బండి మీద ఇంకొకరి హక్కు ఉందని అర్థం. లారీల వాళ్ళ ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసిన అక్షరాలవి.

జహీరాబాద్ బండి

లారీకీ ఎద్దుల బండికీ మధ్య చాలా కాలం ఖాళీ ఉండిపోయింది. 1969లో బజాజ్ టెంపో మెటాడోర్ ఆ ఖాళీలో కొంత పూడ్చింది. పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, పెళ్ళి సామాను, బడి పిల్లలు అన్నిటికీ అదే. ఆ తరహా బండి ఏది కనపడినా మెటాడోర్ అనేయడం తెలుగువాళ్ళకు అలవాటయింది.

1980ల నడుమ ప్రభుత్వం జపాన్ కంపెనీలకు తలుపు కొంచెం తెరిచింది. చిన్న లారీల కోసం నాలుగు జంటలు కుదిరాయి: ఢిల్లీ పక్కన డీసీఎం టొయోటా, పంజాబులో స్వరాజ్ మాజ్దా, మధ్యప్రదేశ్ పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ పేరు హైదరాబాదీలకు కొత్తది కాదు. నిజాం కాలంలో, 1942లో పుట్టిన కంపెనీ అది. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఫ్రిజ్‌లు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది, తర్వాత చేతి గడియారాలూ చేసింది. అలాంటి కంపెనీ అప్పటి మెదక్ జిల్లాలో, బీదర్ దారిలో ఉన్న జహీరాబాద్‌లో జపాన్ సాంకేతికతతో చిన్న లారీ చేయబోతోందంటే ఈ ప్రాంతం గర్వపడింది.

నాలుగు కంపెనీలు ఒకేసారి రంగంలోకి దిగేసరికి చిన్న లారీ కొనేవాడికి ఎంచుకునే వీలు దొరికింది. మెత్తగా తిరిగే స్టీరింగు, ముందుకు వంగే క్యాబిన్, తక్కువ చప్పుడు చూసి డ్రైవర్లు ముచ్చటపడ్డారు. కానీ 1985 సెప్టెంబరులో అమెరికా, జపాన్, యూరప్ దేశాలు న్యూయార్క్ ప్లాజా హోటల్లో కుదుర్చుకున్న ఒప్పందంతో యెన్ విలువ పెరుగుతూ పోయింది. జపాన్ నుంచి వచ్చే విడిభాగాల ఖర్చు మోయలేనంత అయింది. ఆ సమయంలోనే, 1986లో, టాటా తన 407ను దించింది. ఊరూరా మెకానిక్కుకు తెలిసిన పేరు, సులువుగా దొరికే సామాను ఉండటంతో జపాన్ జంటలకు గడ్డుకాలం మొదలైంది. 1980లు ముగిసేసరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్ళింది. ఫ్యాక్టరీ మాత్రం బతికింది. తర్వాతి కాలంలో మహీంద్రా చిన్న సరుకు బండ్లు, ట్రాక్టర్లు అక్కడే తయారయ్యాయి. 2015లో వచ్చిన జీతో అనే చిన్న ట్రక్కు కూడా జహీరాబాద్‌దే.

కొనేవాడికి ఆ పదేళ్ళు నేర్పిన పాఠం ఒకటుంది. బండి మంచిదైతే చాలదు. రేపు క్లచ్ ప్లేటు పోతే ఏ ఊళ్ళో దొరుకుతుందో కూడా ధరలో భాగమే. నేటికీ పికప్ కొనబోయే రైతు షోరూము కన్నా ముందు తన ఊరి మెకానిక్కును అడుగుతాడు. పళ్ళు చూసే పెద్దమనిషి మళ్ళీ దొరికాడన్నమాట, చేతికి గ్రీజుతో.

చిన్న ఏనుగు

2005 మేలో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవర్, ధర సుమారు 2 లక్షల 25 వేలు. అప్పటికి పెద్ద రోడ్లు వెడల్పవుతున్నాయి. పెద్ద లారీలు ఊరి బయట ఆగి, లోపలి సందుల్లోకి సరుకు చేర్చడానికి చిన్న బండి కావలసి వచ్చింది. నగరాల్లో పగటిపూట లారీలకు ప్రవేశం లేదు. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు తెల్లవారేసరికి కూరగాయలు దించమంటున్నాయి. ఆ పని మూడు చక్రాల ట్రాలీ ఆటోలు ఈడ్చుకొస్తున్నాయి.

గిరీశ్ వాఘ్ నాయకత్వంలో ఏస్ తయారు చేసిన బృందం డిజైను గీయకముందే మూడు చక్రాల బండ్ల యజమానుల దగ్గర కూర్చుని మాట్లాడింది. నాలుగు చక్రాల బండి ఉంటే తనకు మంచి పెళ్ళి సంబంధం వస్తుందని ఒక కుర్రాడు చెప్పాడట. ఆ మాటను ఆ బృందం తర్వాత కూడా గుర్తు చేసుకుంది. లోడు, మైలేజీ, ధర ఎంత ముఖ్యమో పరువూ అంత ముఖ్యమని వాళ్ళకు తెలిసొచ్చింది. చోటా హాథీ, అంటే చిన్న ఏనుగు అని హిందీవాళ్ళు పెట్టిన పేరు హైదరాబాదులోనూ నిలిచిపోయింది. 2012కల్లా పది లక్షల ఏస్‌లు అమ్ముడయ్యాయి. 2011లో నిస్సాన్ ఈసారి అశోక్ లేలాండ్‌తో కలిసి దోస్త్ తెచ్చింది. బొలెరో పికప్ పల్లెల్లో పాతుకుపోయింది. 2016 ఏప్రిల్‌లో తిరుపతికి చేరువలోని శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ మొదలై, డీ-మ్యాక్స్ పికప్‌లు ఆంధ్ర గడ్డ మీద తయారవుతున్నాయి.

ప్రభుత్వం కూడా ఈ బండ్లకు కొనుగోలుదారయింది. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటింటికీ రేషన్ చేర్చడానికి 9,260 చిన్న ట్రక్కులను రోడ్డెక్కించింది. 2025 జూన్ నుంచి రేషన్ మళ్ళీ చౌకధరల దుకాణాలకే వెళ్ళింది. ఒక్క నిర్ణయంతో వేల బండ్ల పని మారిపోవడం చూసినవాళ్ళకు, బండి కొనేముందు దాని మీద వచ్చే కిరాయి ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకోవాలని అర్థమైంది.

కొటేషన్ కాగితం

ఇన్ని కంపెనీలు వచ్చాక బేరం మళ్ళీ ధర మీదికొచ్చింది. తెలుగువాళ్ళ పంచాంగం కూడా అందులో పాలుపంచుకుంది. ఆషాఢంలో కొత్త బండి తీయడానికి చాలామంది ఇష్టపడరు. అందుకే షోరూములు ఆషాఢం ఆఫర్లు పెడతాయి. దసరాకు, ఉగాదికి కొనేవాడికి డెలివరీ రోజు మంచి ముహూర్తం దొరుకుతుంది గానీ తగ్గింపు అంతగా దొరకదు. డిసెంబరు దాటితే బండి తయారీ సంవత్సరం పాతబడుతుంది కాబట్టి ఏడాది చివర డీలరు దిగొస్తాడు. మార్చి నెలాఖరులో అమ్మకాల లక్ష్యం పూర్తి కావాలి కాబట్టి అప్పుడూ దిగొస్తాడు. ఛాసిస్ నంబరు పక్కన తయారీ నెల ఏదో అడగడమంటే ఎద్దు నోరు తెరిచి చూడటమే.

షోరూములో చేతికొచ్చే కొటేషన్ కాగితాన్ని దగ్గరగా చూస్తే నాలుగైదు అంతస్తులు కనపడతాయి. పైన ఎక్స్‌షోరూం ధర. అందులో జీఎస్టీ కలిసే ఉంటుంది; 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద అది 28 నుంచి 18 శాతానికి తగ్గింది. దాని కింద రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్. ఇవి ప్రభుత్వానికి వెళ్ళేవి, బేరం లేదు. ఆ కింద బీమా. డీలరు దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు, బయట అడిగి చూసుకోవచ్చు. ఆ కింద సీటు కవర్లు, టార్పాలిన్, మ్యాట్లు, అదనపు ఇనుప జాలీ వంటి యాక్సెసరీలు. అన్నిటికన్నా కింద, హ్యాండ్లింగ్ చార్జీలనో మరో పేరుతోనో ఒక మొత్తం. బండిని రిజిస్ట్రేషన్‌కు సిద్ధం చేయడం అమ్మేవాడి పనే అయినప్పుడు ఇది దేనికని అడిగినవాడికి తరచుగా ఆ గీత కొట్టేస్తారు. అడగనివాడు కడతాడు.

అడిగే అలవాటున్నవాడు ముగ్గురు డీలర్ల కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటాడు. ఒకడు ధరలో పదివేలు తగ్గించి బీమాలో అంతా లాగేసుంటాడు. ఇంకొకడు సామాను ఉచితమని చెప్పి ధర కదపడు. మొత్తం అంకె ఒకటే చూస్తే ఇవేవీ కనపడవు. మన్రోనీ చట్టం అద్దం మీద అంటించిన కాగితం మన దగ్గర అడిగితేనే చేతికొస్తుంది, అది కూడా తలా ఒక రకంగా.

డ్రైవింగ్ లైసెన్సు సంగతీ ఒకటుంది. 7,500 కిలోల లోపు సరుకు బండిని మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. డ్రైవరు లైసెన్సు సరిపోదంటూ బీమా కంపెనీలు పరిహారం ఎగ్గొట్టే దారి దానితో మూసుకుపోయింది. కారు నడిపే లైసెన్సుతోనే పికప్ నడుపుకునే కుర్రాడికి ఇది చిన్న ఊరట కాదు.

రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ

ధర తేలాక కుర్చీ పక్కకు జరుగుతుంది. ఫైనాన్సు మనిషి వచ్చి కూర్చుంటాడు. ఇప్పటిదాకా పట్టుగా మాట్లాడిన కొనుగోలుదారు ఇక్కడ మెత్తబడతాడు. కిస్తీ ఎంత పడుతుంది అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాడు. ఇవాళ్టి తువ్వాలు ఈ బల్ల మీద ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అప్పు 6 లక్షలు, గడువు నాలుగేళ్ళు, వడ్డీ 10 శాతం ఫ్లాట్ అన్నాడనుకుందాం. ఏడాదికి 60 వేలు, నాలుగేళ్ళకు 2 లక్షల 40 వేలు. అసలుతో కలిపి 8 లక్షల 40 వేలు, 48 కిస్తీలు, నెలకు 17,500. పల్లెటూరి చెవికి 10 శాతం అంటే నూటికి నెలకు 83 పైసలు. రూపాయి వడ్డీ కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఊళ్ళో రూపాయి వడ్డీకి తెచ్చినవాడు సగం తీర్చేస్తే మిగిలిన సగం మీదే వడ్డీ కడతాడు. ఫ్లాట్ లెక్కలో నలభై ఏడో నెలలో కూడా, దాదాపు అంతా తీరిపోయాక కూడా, 6 లక్షల మీద వడ్డీయే. తీరిన మేరకు తగ్గించుకుంటూ వేసే లెక్కలోకి మార్చి చూస్తే ఇదే అప్పు వడ్డీ 17.6 శాతం దగ్గర తేలుతుంది. అంటే నూటికి దాదాపు రూపాయిన్నర. ఎవరైనా ఇంత వడ్డీ చెబితే తాత బేరమాడకుండా ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడు శాతాల భాషలో వచ్చేసరికి గుర్తుపట్టలేక మనవడు సంతకం పెడుతున్నాడు.

బండి అప్పుల తీరు మీద అధికార వ్యవస్థ ఆలస్యంగానైనా కదిలింది. కిస్తీ తప్పినవాళ్ళ బండ్లను రౌడీలను పెట్టి లాక్కోవడం తగదని, చట్టప్రకారమే వెళ్ళాలని 2007లో సుప్రీంకోర్టు ఒక ట్రక్కు అప్పు కేసులో గట్టిగా చెప్పింది. రోడ్డు మీద బండి ఆపి తాళాలు గుంజుకునే సీజింగ్ మనుషుల భయంతో బతికిన డ్రైవర్లకు ఆ తీర్పు ఒక ఆసరా. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ అప్పులకు, చిన్న వ్యాపారుల అప్పులకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఖర్చులన్నీ కలుపుకొని ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో ఒకే అంకెగా రాయాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఎద్దు పళ్ళలాగా అబద్ధమాడని అంకె ఏదైనా ఆ కట్టలో ఉందంటే అది ఇదే. సంతకం పెట్టకముందే దాన్ని అడిగి తీసుకుని, రెండు మూడు చోట్ల పోల్చి చూడటం కొనేవాడి హక్కు.

నాలుగేళ్ళ తర్వాత చివరి కిస్తీ కట్టాక కూడా ఒక పని ఉంటుంది. ఫైనాన్సు సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఇస్తే ఆర్సీ మీది అప్పు నమోదు కొట్టేస్తారు. ఇది చేయించుకోకుండా అయిదారేళ్ళు తిరిగి, బండి అమ్మబోయేటప్పుడు ఇబ్బంది పడేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

బండి తీసిన రోజు మాత్రం ఇవేవీ గుర్తుండవు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, అద్దానికి బంతిపూల దండ, కొబ్బరికాయ, ముందు సీట్లో ఇంటి ఆడపడుచు. తర్వాతి వారం ఆ బండి కిరాయి వెతుక్కుంటూ మళ్ళీ సంతకే వస్తుంది. ఇప్పుడు ఎద్దులు సంతకు నడిచి రావడం తక్కువ, పికప్‌లలో నిలబడి వస్తున్నాయి. ఒకవైపు దళారి తువ్వాలు కింద వేళ్ళు నొక్కుతుంటాడు. ఇంకోవైపు కొత్త పికప్ కుర్రాడు ఎద్దుల జతను ముప్పై కిలోమీటర్లు చేర్చడానికి కిరాయి ఎంతో రైతుతో బేరమాడుతుంటాడు. తొందరగా తేల్చమంటున్నాడు, అయిదో తారీకు కిస్తీ కట్టాలి.